అమ్మ ఇచ్చిన ఆనిగెపు గింజలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పోయిన వారం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు సేంద్రియ విత్తనాల గురించి మాట్లాడాలి, ఇంటి తోటలు పెంచేవాళ్లకూ, ఊళ్లో నాలుగెకరాలున్న వాళ్లకూ పనికొచ్చేలా చెప్పండి, పదిహేను నిమిషాలు చాలు" అన్నారు. ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పిన మనిషికి పదిహేను నిమిషాలంటే హాజరు తీసుకోవడానికే సరిపోతుంది. కొంచెం ఎక్కువైతే మన్నించండి.

నేను 1979లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేశాను. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మా ఇల్లు మౌలాలి గుట్ట కింద, పెంకుటిల్లు. ఆ పెంకుల మీద ఏటా వానాకాలం ఒక సొర తీగ పాకేది. మా అమ్మ సొరకాయ అనేది కాదు, ఆనిగెపుకాయ అనేది. మెడ సన్నగా, కింద కుండలా ఉండేది. లేత ఆకుపచ్చ మీద తెల్ల మచ్చలు. మా అమ్మ ఘట్‌కేసర్ పక్కన ఊరి నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆ గింజలు కొంగున కట్టుకుని తెచ్చుకుందట.

ఏడో తరగతిలో మన సైన్స్ సార్ తడి దూదిలో గింజ మొలకెత్తించే ప్రయోగం చేయించారు. అందరూ చిక్కుడు గింజలు తెచ్చారు. నేను ఆనిగెపు గింజ తెచ్చాను. సార్ చూసి, "ఇదెక్కడిది?" అన్నారు. "మా అమ్మ ఇచ్చింది సార్" అన్నాను. "మీ అమ్మకు ఎవరిచ్చిన్రు?" అన్నారు. తెలియదన్నాను. "అడిగి రికార్డులో రాసుకొని రా" అన్నారు. మర్నాడు రాసుకొచ్చాను: అమ్మకు అమ్మమ్మ, అమ్మమ్మకు వాళ్ల మేనత్త. సార్ ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. ఆ టిక్కు విలువ నాకు నలభై అయిదేళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఈరోజు చెప్పబోయేది అదే కథ. అందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

అమ్మ పోయాక ఆ గింజలు నా దగ్గరికి వచ్చాయి. ఉద్యోగం, పిల్లలు, ఫ్లాటు – ఏడాదికో తీగ పెట్టి గింజ నిలుపుకుంటూ వచ్చాను. రిటైరయ్యాక 2021లో డాబా మీద తోట మొదలుపెట్టాను. కరోనా రోజులు. మనలో చాలామంది అప్పుడే డాబాల మీదికి ఎక్కారు. మిరుగం రాగానే ఆనిగెపు గింజ పెట్టాను. రసాయన ఎరువు వేయలేదు, పురుగు మందు కొట్టలేదు. వేసిందల్లా పశువుల ఎరువు, వేపపిండి. కాయలు బ్రహ్మాండంగా కాశాయి. నాలుగు కాయల్ని తీగ మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, గింజలు తీశాను. 2022 సంక్రాంతికి మా బ్యాచ్ వాళ్లం కలిసినప్పుడు నలభై పొట్లాలు కట్టి పంచాను. ఒక్కో పొట్లం మీద చక్కగా రాశాను: "అమ్మ ఆనిగెపుకాయ. దేశవాళీ. సేంద్రియ విత్తనం."

ఆ ఆగస్టులో ఒక రాత్రి మా క్లాస్‌మేట్ ఒకామె ఫోన్ చేసింది. "మా అత్తమ్మను దవాఖానల చేర్పించినం. వాంతులు ఆగుతలేవు. పొద్దున సొరకాయ రసం తాగింది. నీ గింజల కాయనే" అంది.

పెద్దామె రెండు రోజుల్లో కోలుకుని ఇంటికొచ్చింది. ఆ రెండు రోజులు నేనెలా ఉన్నానో చెప్పలేను. కాయ చేదుగా ఉందట. చేదైతే షుగరుకు మంచిదని ఆమె గ్లాసు మొత్తం తాగేసింది. సొర, దోస, బీర, గుమ్మడి జాతిలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. మనం తినే రకాల్లో తరతరాలుగా ఏరి ఏరి దాన్ని దాదాపు పోగొట్టారు మన పూర్వీకులు. అడవి రకాల్లో, బుర్రల కోసం పెంచే రకాల్లో అది దండిగా ఉండొచ్చు. వండినా పోదు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం దీన్ని పరిశీలించి, చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని హెచ్చరించింది కూడా. అందుకే ముందుగా ఒక మాట: సొరకాయైనా, బీరకాయైనా, దోసకాయైనా వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదైతే ఉమ్మేసి, కాయ పారేయండి. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

మరి అమ్మ కాయకు చేదు ఎక్కడి నుంచి వచ్చింది? నేను తిన్న కాయలన్నీ కమ్మగానే ఉన్నాయి కదా?

వారం తర్వాత మా వీధిలో నడుస్తుంటే రెండిళ్ల అవతల డాబా మీద ఇంకో సొర తీగ కనిపించింది. బుర్ర సొర. వాళ్లబ్బాయి ఎండిన బుర్రలకు రంగులేసి పిచ్చుక గూళ్లు చేస్తాడు. అడిగితే, "పోయినేడు కూడా ఇదే పెట్టినం ఆంటీ" అన్నాడు. ఒక ముక్క కోసి నాలుకకు ఆనించాను. చేదు విషం. అప్పుడర్థమైంది. రాత్రిపూట సీతాకోక పురుగులు ఆ తీగ మీది పుప్పొడిని మోసుకొచ్చి నా తీగ పువ్వులకు పెట్టాయి. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వాడు విత్తనం ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చింది నేను.

పరపరాగ సంపర్కం మీద ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన దాన్ని. బోర్డు మీద బొమ్మ వేసి, పరీక్షలో ప్రశ్న ఇచ్చి, మార్కులు వేసిన దాన్ని. పాఠం ఇది: పరాయి పుప్పొడి పడితే ఆ ఏడు కాయ రుచి మారదు. కాయ గుజ్జు తల్లిది. మారేది లోపలి గింజ. దాని చేదు మరుసటి ఏడు, మరొకరి ఇంట్లో, మరొకరి కంచంలో బయటపడుతుంది. నేను పొట్లం మీద "సేంద్రియ విత్తనం" అని రాశాను. అబద్ధం కాదు, ఒక్క చుక్క మందు వాడలేదు. కానీ సేంద్రియం అన్న మాట తల్లికి ఏం తినిపించామో చెబుతుంది. తండ్రి ఎవరో చెప్పదు.

నలభై ఇళ్లకూ ఫోన్లు చేశాను. "గింజలు మిగిలితే పారేయండి, తీగ ఉంటే పీకేయండి, కాయ తినకండి" అని. కొందరు విత్తనే లేదు. కొందరికి కమ్మటి కాయలే వచ్చాయి. ఇద్దరి ఇళ్లలో చేదు కాయలు దొరికాయి. ముగ్గురు మాత్రం, "మేం వేరేవాళ్లకు ఇచ్చేసినం, ఎవరికిచ్చినమో యాదికి లేదు" అన్నారు. ఆ మూడు పొట్లాలు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు. నా దగ్గరున్న గింజలన్నీ కాల్చేశాను. వాటితో పాటే అమ్మ కాయ నా ఇంట్లో అయిపోయింది. పాత గింజ విడిగా దాచుకోవాలన్న ఆలోచన కూడా చేయలేదు నేను.

ఇప్పుడు పాఠంలోకి వస్తాను. ఇంటికి విత్తనం కట్టుకోవాలనుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఏ మొక్క ఎలా పెళ్లాడుతుందన్నది.

టమాటా, చిక్కుడు, అలసంద, వరి – ఇవి ఎక్కువగా తమ పువ్వులోనే పని కానిచ్చుకుంటాయి. వరి విత్తనం కట్టే పొలానికి ఇంకో రకం వరి 3 మీటర్ల దూరంలో ఉంటే చాలంటాయి మన విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవే సులువు. వంగ, మిరప, బెండ, కంది – ఇవి సొంత పువ్వుతోనే కాస్తాయి, కానీ తేనెటీగలు వస్తే పరాయి పుప్పొడీ పట్టుకుంటాయి. సొర, బీర, కాకర, గుమ్మడి, దోస – వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పురుగు రాకపోతే కాయ లేదు. మొక్కజొన్న, తోటకూర గాలికి కలిసిపోతాయి. వీటికి వందల మీటర్ల ఎడం కావాలి. మౌలాలి హౌసింగ్ బోర్డులో వందల మీటర్లంటే మధ్యలో ఎన్ని డాబాలు వస్తాయో లెక్కపెట్టుకోండి. ఆ డాబాల మీద ఎవరేం పెంచుతున్నారో మనకేం తెలుసు?

దూరం లేనివాళ్లకు ఉపాయం ఉంది. దారం. బెండ పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ముందురోజు సాయంత్రం మొగ్గ కొసకు మెత్తని దారం కట్టేస్తే తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అదే దారం కాడకు గుర్తుగా ఉంచండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుతుంది. మధ్యాహ్నం నాలుగింటికి డాబా ఎక్కి, ఆ పూట విచ్చబోయే తెల్లటి మొగ్గలు చూసుకోండి. కింద బుల్లికాయ ఉన్నది ఆడ, లేనిది మగ. రెండింటి మూతులూ దారంతో కట్టండి. చీకటి పడే వేళకు మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు దారం విప్పి, మధ్యలో మెల్లగా రాయండి. మళ్లీ మూతి కట్టి, పైన కాగితం సంచి తొడగండి. నాలుగు రోజులకు సంచి తీసి, కాడకు ఎర్రదారం కట్టండి. విత్తనం ఆ ఎర్రదారం కాయ నుంచే. మిగతావన్నీ కూర.

ఒక తీగకు ఒకటి రెండు కాయలే ముదరనివ్వండి. కాయ ముదిరిందని తెలిస్తే తీగ కొత్త పిందెలు ఆపేస్తుంది. ఒకే తీగ నుంచి ఏటేటా గింజ తీస్తే కొన్నాళ్లకు రకం బలహీనపడే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం అయిదారు తీగలుండాలి. ఒక డాబా మీద కష్టమే. అయిదారు డాబాలు కలిస్తే కష్టం కాదు. టమాటాకు అయిదారు మొక్కలు చాలు. మొక్కజొన్నకైతే వందకు తగ్గకూడదు. అది డాబాల పని కాదు, ఊరి పని.

ఎంపిక కాయను చూసి కాదు, మొక్కను చూసి చేయాలి. మనమందరం చేసే తప్పేంటంటే, మంచి కాయలన్నీ కూరకు కోసుకుని, చివర్లో గిడసబారిన కాయను "విత్తనానికి ఉండనీ" అంటాం. దానికి అర్థం ఏటా గిడసబారిన దాన్నే మనం ఏరుతున్నామని. మందు లేకుండా, నీరు తక్కువైనా, ఆకుముడత రాకుండా నిలబడ్డ మొక్క ఏదో మొదట్లోనే చూసి గుర్తు పెట్టాలి. మొజాయిక్ తెగులు సోకిన మొక్క గింజ తీయకూడదు. కొన్ని తెగుళ్లు గింజలోనే దాగి వస్తాయి. సేంద్రియ విత్తనానికి అసలు విలువ ఇక్కడే ఉంది. ఎరువులు, మందులతో సాకిన మొక్కల్లో ఏది గట్టిదో తెలియదు. అన్నీ గట్టిగానే కనబడతాయి. మందు లేని మడిలో బలహీనమైనవి తమంతట తామే బయటపడతాయి. సంకర రకం, అంటే హైబ్రిడ్ కాయ నుంచి గింజ తీస్తే మాత్రం మరుసటి ఏడు అన్నదమ్ముల పిల్లల్లా తలో రకం వస్తాయి. విత్తనం నిలుపుకోవాలంటే సూటి రకాలు, దేశవాళీ రకాలే తీసుకోవాలి.

ఆరబెట్టడం, దాచడం గురించి క్లుప్తంగా. టమాటా గుజ్జును గింజలతో సహా గిన్నెలో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, బట్ట మీద నీడన ఆరబెట్టండి. వంకాయ పసుపు రంగు తిరగాలి, మిరప ఎర్రగా పండాలి, బెండ చెట్టు మీదే ఎండాలి, సొరకాయ ఊపితే గలగలమనాలి. తడి గింజను మన మే నెల డాబా సిమెంటు మీద పోశారో, అది వేగిపోతుంది. చాటలో, పొద్దుటి ఎండలో, లేదా నీడన. విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. గలగలా ఎండిన గింజను గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. విత్తే ముందు ఇరవై గింజలు తడిబట్టలో చుట్టి మొలక చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి మన దేశంలో సొరకు 60, బెండకు 65, టమాటా, వంగలకు 70 శాతం మొలక ఉండాలని నియమం. మీ ఇరవైలో సొర పన్నెండు మొలిస్తే మీరూ పాసే.

మా అమ్మకు ఫ్రిజ్ లేదు. గింజల్ని బూడిదలో పొర్లించి, పేడముద్దలో అద్ది, గోడకు పిడకలా కొట్టేది. మిరుగం వచ్చాక పిడక విరిచి విత్తేది. నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో దాన్ని చూసి నవ్వుకునేదాన్ని. తర్వాత జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్లాను. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడ పనిచేస్తోంది. ఆ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, బుట్టల్లో బూడిద, వేపాకు వేసి జొన్న, కొర్ర, సామ, పప్పు ధాన్యాలు ఎన్నో రకాలు దాస్తారు. పంట కోతకు ముందే చేనంతా తిరిగి మంచి కంకులు ఏరి పెడతారు. ఊళ్లో విత్తన నిధి నుంచి గింజ తీసుకున్న మనిషి పంట వచ్చాక తీసుకున్న దానికంటే ఎక్కువ కొలిచి తిరిగిస్తుంది. ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిప్పుతారు, పాత పంటల జాతర అని. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. ఆ పనికి బాట వేసిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో మనకు దూరమయ్యారు. అక్కడ గమనించిన ఒక్క విషయం చెబుతాను. ఏ బుట్టను చూపించి అడిగినా, ఏ చేను, ఎవరి చేను, ఎప్పటిది అని ఠక్కున చెబుతారు. బుట్ట మీద ఏమీ రాసి ఉండదు. రాసింది వాళ్ల తలలో ఉంది. నాకు చదువుంది, కాగితముంది, పెన్నుంది. నా పొట్లం మీద అది లేదు.

పస్తాపూర్ నుంచి మన వైపు వస్తే, దారిలో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972లో పెట్టిన ఆ సంస్థ జన్యు నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా చల్లటి గదుల్లో ఉన్నాయి. చాలా గొప్ప పని అది. కానీ మన పెరటి సొర, మన గోడ మీది చిక్కుడు ఎవరి చల్లటి గదిలోనూ ఉంటాయన్న భరోసా లేదు. వాటికి మన ఇళ్లే జన్యు నిధులు. ఇక మన ఇంటి పక్కనే, తార్నాకలో కార్యాలయం పెట్టుకుని చాలాకాలం పనిచేసిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఉంది. 2004 నుంచి మందు లేని సేద్యం మీద రైతులతో పనిచేస్తూ, ఉమ్మడి విత్తనం అన్న ఆలోచనను ముందుకు తెచ్చింది. విత్తనం ఎవరైనా తీసుకోవచ్చు, పెంచవచ్చు, మెరుగుపరచవచ్చు. కానీ దాన్ని ఎవరూ తమ ఒక్కరి సొత్తుగా కట్టేయకూడదు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఇదే షరతుతో ఇవ్వాలి. అంటే విత్తనంతో పాటు ఒక మాట కూడా చేతులు మారుతుంది.

ఊళ్లో పొలాలున్న మన మిత్రులకు ఒక మాట. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మీ పంట విత్తనాన్ని దాచుకోవడం, తిరిగి విత్తడం, మార్చుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం మీ హక్కు. చట్టం కింద రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరు వేసి అమ్మడం ఒక్కటే కుదరదు. కానీ హక్కుతో పాటు పని ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. గింజను కాపాడేది రైతే. కంది పువ్వు మీద తేనెటీగ వాలుతుంది. పక్క చేనులో వేరే కంది ఉంటే గట్ల వెంబడి కలుస్తుంది. కాబట్టి విత్తనం చేను నడిమధ్య నుంచి తీయండి, గట్ల పక్కవి అమ్మకానికి, తిండికి వదిలేయండి. పూతకు ముందు ఒకసారి, పూతలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి చేనంతా తిరిగి కేళీలు పీకేయండి. పొరుగు రైతును కూర్చోబెట్టుకుని, ఈ ఏడు మనమిద్దరం ఒకే రకం వేద్దామని మాట్లాడుకోండి. ఎకరం, రెండెకరాలున్న మనకు వేరుపాటు దూరం దొరకాలంటే ఇంతకు మించి దారి లేదు. విత్తన శుద్ధికి రంగు మందు బదులు బీజామృతం గానీ ట్రైకోడెర్మా గానీ వాడుకోండి.

ఇక మళ్లీ నా కథ. 2023లో మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. తప్పు రాశాను, చేదు రాశాను, అమ్మ కాయ పోయిందని రాశాను. రెండు రోజులకు 1984 బ్యాచ్ తమ్ముడొకరు ఫోన్ చేశాడు. "అక్కా, మన బడి ఆయమ్మ ఇంటి మీద అట్లాంటి కాయనే చూసిన" అన్నాడు. మన ఆయమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గంట కొట్టేది, మోకాలు చిట్లితే పసుపు పెట్టేది. ఆమె ఇప్పుడు లేదు. కూతురు కీసర వైపు ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. వెళ్లాను. రేకుల షెడ్డు మీద తీగ.

"మీ అమ్మ ఇచ్చిన ఆనిగెపు తీగనే గదమ్మా. మా అమ్మ పోయినంక గూడ ఏటేటా ఒక్కటన్న పెడ్తున్న. ఈడ సుట్టుపక్కల వేరే సొర ఎవ్వరు పెట్టరు" అంది.

కాయ కోసి ముక్క నోట్లో పెట్టుకున్నాను. కమ్మగా ఉంది. కానీ మెడ పొట్టిగా ఉంది. అమ్మ కాయకు మెడ పొడుగు. అడిగితే, "పొడుగు మెడవి గాలికి ఇరుగుతున్నయని పొట్టివాటి గింజలే పెట్టుకున్నం" అంది. ముప్పయ్యేళ్లు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ అవసరాన్ని బట్టి దాన్ని మలుచుకున్నారు. కాబట్టి నాకు దొరికింది అచ్చంగా అమ్మ కాయ కాదు. ఆయమ్మ కాయ. అమ్మ ఒక్కదాని కోసమే దాచుకుని ఉంటే అది కూడా దొరికేది కాదు. బడి గంట కొట్టే మనిషికి గుప్పెడు గింజలిచ్చింది కాబట్టి మిగిలింది.

ఆమె నాకు పదకొండు గింజలిచ్చింది. ఎనిమిది మొలిచాయి. నా డాబా మీద రెండు, మా బ్యాచ్ వాళ్ల డాబాల మీద ఆరు. ఒకదాని మగపువ్వు ఇంకోదానికి, దారం కట్టి, సంచి తొడిగి, ఎర్రదారం కాయలే విత్తనానికి. మొలిచిన గింజలతో మరుసటి ఏడు తీగలు వేసి, ప్రతి తీగ కాయనూ రుచి చూశాం. ఒక్కటి కూడా చేదు లేదు. అప్పటిదాకా ఒక్క గింజ బయటికి ఇవ్వలేదు. మొట్టమొదటి పొట్లం తీసుకెళ్లి ఎవరికిచ్చానో తెలుసా? దవాఖానాలో చేరిన ఆ పెద్దామెకు. ఆమె చేతిలో పెట్టడానికి నాకు చేతులు వణికాయి. ఆమె మాత్రం, "ఈసారి మొదలు నువ్వు తిని సూపియ్యి" అంది. తిని చూపించాను.

మిత్రులారా, సంఘానికి ఒక విన్నపం. యాభై ఏళ్లుగా ప్రతి బ్యాచ్ పేర్లూ రాసి పెట్టుకున్న సంఘం మనది. ఎవరెక్కడున్నారో, ఎవరు లేరో మన రిజిస్టరులో ఉంది. అలాంటిదే ఒక రిజిస్టరు విత్తనాలకు పెడదాం. రకం పేరు, ఎవరిచ్చారు, వాళ్లకెవరిచ్చారు, ఏ ఏడు ఏ డాబా మీద పండింది, చుట్టుపక్కల ఇంకేముంది, పువ్వు కట్టారా లేదా, మొలక శాతం ఎంత, రుచి చూశారా – ఇవే గడులు. ప్రతి రకానికి కనీసం అయిదు ఇళ్లుండాలి. ఒకరింట్లో పోతే ఇంకొకరింట్లో ఉంటుంది. ఒకరింట్లో తప్పు జరిగితే ఎవరెవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. ఆ జాడ తెలియని మూడు పొట్లాల బెంగ ఇంకెవరికీ వద్దు. మీ ఊళ్లో, మీ అత్తగారింట్లో, మీ ఇంట్లో పనిచేసే అమ్మ ఊళ్లో ఒక చిక్కుడో, వంగో, మిరపో ఉండే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో పాటే అది పోబోతూ ఉంటుంది. ఈ దసరా సెలవుల్లో వెళ్లి అడగండి.

గేటు దగ్గర బల్ల మీద ఆయమ్మ ఆనిగెపు గింజల పొట్లాలు ఇరవై ఆరు పెట్టాను. ఒక్కోదానిలో ఎనిమిది గింజలు. పక్కనే రిజిస్టరు ఉంది. పేరు రాసి, సంతకం పెట్టినవాళ్లకే పొట్లం. మీ పిల్లలెవరైనా రేపు బడికి ఒక గింజ పట్టుకెళ్తే, టీచరు "మీ అమ్మకు ఎవరిచ్చిన్రు?" అని అడిగితే, జవాబు ఆ రిజిస్టరులో ఉంటుంది.

మన సైన్స్ సార్ ముందు వరసలోనే ఉన్నారు. సార్, రికార్డు తెచ్చాను. సభ అయ్యాక చూసి టిక్కు పెట్టండి.